చిన్న బడితో బస్తీకి ఏం లాభం?

జూన్ దగ్గరపడిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం బడి చుట్టూనే తిరుగుతాయి. ఈసారి ఫీజుల గోల పక్కన పెట్టి, చిన్న ప్రాథమిక బడుల గురించి వచ్చినవే ఏరాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువమంది కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, మా గల్లీలో సర్కారు ప్రైమరీ బడి ఉంది. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నలభై మంది లోపు పిల్లలు. నా బిడ్డ మూడో తరగతి, బాబు ఒకటో తరగతి. దీన్ని మెయిన్ రోడ్డు అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారని అందరూ అనుకుంటున్నారు. అక్కడ కంప్యూటర్లు, గ్రౌండ్ ఉన్నాయి, మంచిదే కదా అంటాడు మా ఆయన. నాకే మనసు ఒప్పట్లేదు, ఎందుకో చెప్పడం రావట్లేదు. నేను ఇళ్లల్లో పనికి పోతాను, పొద్దున ఆరున్నరకే బయల్దేరాలి.
— ఒక తల్లి, వారాసిగూడ

జవాబు: ఎందుకో చెప్పడం రావట్లేదన్నారు గానీ అమ్మా, ఉత్తరం చివర్లో మీరే చెప్పేశారు. ఆరున్నరకి మీరు ఇల్లు వదిలితే పిల్లల్ని బడికి ఎవరు తీసుకెళ్తారు? ఇప్పుడైతే అక్కే తమ్ముడి చెయ్యి పట్టుకుని నడిపించుకు పోతుంది, దారిలో కిరాణా కొట్టాయన ఒక కన్నేసి ఉంచుతాడు, ఎదురింటి అవ్వ అరుగు మీద నుంచే ‘జల్ది నడువుండ్రి’ అని కేకేస్తుంది, అక్కడితో మీ టెన్షన్ అయిపోతుంది. మధ్యలో మెయిన్ రోడ్డు వచ్చిందంటే ఈ ఏర్పాటంతా కూలిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఆరేళ్లవాణ్ని పట్టుకుని తొమ్మిది గంటల ట్రాఫిక్‌లో డివైడర్ పక్కన నిలబడాలి. అలా వద్దంటే మీరు ఒక ఇంటి పని వదులుకోవాలి, లేదంటే నెలకింత అని ఆటో మాట్లాడుకోవాలి, ఆ రెండూ కుదరకపోతే పిల్లలు వారంలో రెండు రోజులు ఇంట్లోనే ఉండిపోతారు. ఎక్కువ ఇళ్లల్లో జరిగేది ఈ చివరిదే, పైగా అది ఏ ఫైల్లోనూ కనిపించదు. రిజిస్టర్లో పేరు మాత్రం పెద్ద బడికి మారి ఉంటుంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం కింద వచ్చిన నిబంధనల్లో ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లలకు 1 కిలోమీటరులోపు, నడిచి వెళ్లగలిగే దూరంలో బడి ఉండాలని ఉంది. మన హైదరాబాద్‌లో ఈ కిలోమీటరు లెక్కతోనే మోసం జరుగుతుంది, ఎందుకంటే మ్యాపులో గీత గీస్తే 600 మీటర్లు కనిపించే దారికి నడిచి వెళ్లాలంటే ఒక నాలా, ఒక ఫ్లైఓవరు, రెండు సిగ్నళ్లు అడ్డం వస్తాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జనం ఒత్తుగా ఉండే చోట ఒకటికంటే ఎక్కువ బడులు పెట్టే విషయం ఆలోచించవచ్చని కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లోనే ఉంది. మీ బస్తీ కంటే ఒత్తుగా ఉండే చోటు ఎక్కడ దొరుకుతుంది?

బడి దగ్గర ఉండడం ఒక్కటే కాదు, అది చిన్నగా ఉండడంలోనూ లాభం ఉంది. ముషీరాబాద్ వైపు ఒక అద్దె ఇంట్లో నడిచే బడిలో ఆమధ్య ఒక పొద్దున కూర్చున్నాను. పాత ఇల్లు, వంటింటి గట్టు మీద లైబ్రరీ పుస్తకాలు, హాల్లో మూడు తరగతులు. ప్రేయర్ అయ్యాక టీచరు హాజరు పుస్తకం తీయనేలేదు, గది మొత్తం ఒకసారి చూసి, నాలుగో తరగతి పిల్లాణ్ని పిలిచి, ‘వాళ్లమ్మది రాత్రి నైట్ డ్యూటీ, ఇంకా లేచి ఉండదు, పోయి వాణ్ని లేపుకు రాపో’ అంది. కాసేపటికి వాడు ఒక బుడతణ్ని వెంటబెట్టుకొచ్చాడు. తల తడి ఆరలేదు, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. టీచరు గుండీలు సరిచేస్తూనే రెండో ఎక్కం మొదలుపెట్టింది. ఇదే పిల్లాడు ఎనిమిది వందల మంది ఉన్న బడిలో ఉంటే ఆ రోజుకి ‘ఆబ్సెంట్’, అంతే. అక్కడి టీచర్లు మంచివాళ్లు కాదని నేను అనడం లేదు, ఎవరింట్లో ఎవరికి నైట్ డ్యూటీ ఉందో గుర్తుపెట్టుకోవడం అంతమందితో ఏ మనిషికీ సాధ్యం కాదు.

అమెరికాలోని షికాగోలో 2013లో దాదాపు 50 బడులు ఒకేసారి మూసేశారు, అందులో ఇంచుమించు అన్నీ ఎలిమెంటరీ బడులే. చెప్పిన కారణాలు మనకు తెలిసినవే, పిల్లలు తక్కువ, బడ్జెట్ లోటు. కొత్త బడికి వెళ్లే దారుల్లో పిల్లలకు కాపలాగా మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది. తర్వాత 2018లో షికాగో యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తీస్తే, మూసేస్తామని ప్రకటన వచ్చిన ఏడాదే, అంటే ఇంకా బడి తెరిచి ఉండగానే, పిల్లల చదువు దెబ్బతిందని తేలింది. మీ బస్తీలోనూ ‘కలిపేస్తారట’ అన్న మాట ఒకటి పుట్టింది కదా, ఆ మాట విని ఇద్దరు ముగ్గురు ఇప్పటికే టీసీ తీసుకునే ఆలోచనలో ఉంటారు. ముందు అది ఆపండి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలనీ, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలనీ చట్టమే చెబుతోంది. హెచ్‌ఎంని అడిగి ఆ కమిటీ పేర్లు చూడండి, మీటింగ్ పెట్టించండి. కలపాలనుకుంటే ఆ ఆర్డరు కాగితం చూపించమనండి. పిల్లలు నడిచే దారిలో ఆఫీసరుగారిని ఒకసారి నడవమనండి, నిజంగానే, పొద్దున ఎనిమిదిన్నరకి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, పదిమంది తల్లులు కలిసి వెళ్లి అర్జీ ఇస్తే దానికి నంబరు పడుతుంది.

మీ ఆయన మాట కూడా కొట్టిపారేయొద్దు. కంప్యూటర్లు, గ్రౌండ్ పిల్లలకు కావాలి. దానికి వేరే దారి ఉంది, కింద యాకుత్‌పురా టీచరుగారికి ఇచ్చిన జవాబులో రాశాను, అదీ చదవండి.

ప్రశ్న: నమస్కారం. మా మనవడు రెండో తరగతికి వస్తున్నాడు. రెండు వీధుల అవతల చిన్న ప్రైవేటు స్కూలు, తరగతికి ఇరవై మంది, వాడికి బాగానే ఉంది. ఇప్పుడు మా అబ్బాయి, కోడలు అవుటర్ రింగు రోడ్డు దగ్గరి పెద్ద క్యాంపస్‌లో వేస్తామంటున్నారు. ఈతకొలను, గుర్రపు స్వారీ, రోబోలు అన్నీ ఉన్నాయట. బస్సు పొద్దున 6.50కి, వెళ్లడానికి గంట, రావడానికి గంట. నేను వద్దంటే చాదస్తం అంటున్నారు. మీరేమంటారు?
— ఒక తాతయ్య, కూకట్‌పల్లి

జవాబు: పెద్దాయనా, చాదస్తమని వాళ్లు అంటే మీరు లెక్కలు తీయండి. రోజుకి రెండు గంటలు, ఏడాదికి 200 పనిదినాలు అనుకుంటే 400 గంటలు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదిలో కనీసం 800 గంటలు పాఠం జరగాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. అంటే కనీస చదువు గంటల్లో సగం అంత సమయం మీవాడు బస్సు సీట్లో కునికిపాట్లు పడుతూ గడుపుతాడు. ఏడేళ్ల పిల్లాడు ఆరింటికి లేవాలి, సాయంత్రం దిగేసరికి ఆడుకునే ఓపిక ఉండదు. గుర్రపు స్వారీ వారంలో ఎన్ని నిమిషాలు వస్తుందో ఆ అడ్మిషన్ కౌన్సెలర్‌ని అడగమనండి, ‘యాక్టివిటీ పీరియడ్‌లో రొటేషన్ మీద’ అనే జవాబు వస్తుందని నా పందెం.

రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కాన్సస్‌లో పెద్ద బడులు, చిన్న బడులు పోల్చి చూసి 1964లో ఒక సంగతి చెప్పారు. అవి హైస్కూళ్లే గానీ విషయం మీ మనవడికీ పనికొస్తుంది. పెద్ద బడిలో కార్యక్రమాలు ఎక్కువ ఉంటాయి, కానీ వాటిలో ఒక్కో పిల్లాడు పాల్గొనేది మాత్రం చిన్న బడిలోనే ఎక్కువ. చిన్న బడిలో నాటకం వేయాలంటే మనుషులు చాలరు, అందుకే నోరు తెరవని పిల్లను కూడా పిలిచి ‘నువ్వు రాణివి’ అంటారు. పెద్ద బడి యానివర్సరీలో అదే పిల్ల మూడో వరసలో నూట ఇరవై మందితో కలిసి చేతులూపుతుంది, మనం ఫోన్ జూమ్ చేసి వెతుక్కుంటాం.

ఇంటి దగ్గరి చిన్న ప్రైవేటు బడి అనగానే హైదరాబాద్ పేరు ప్రపంచంలో కాస్త వినబడేదే. 2000లో జేమ్స్ టూలీ అనే బ్రిటన్ పరిశోధకుడు పాతబస్తీ గల్లీల్లో తిరిగి, పేదవాళ్లు డబ్బు కట్టి మరీ పిల్లల్ని పంపే ఇలాంటి బడులు ఎన్ని ఉన్నాయో చూసి ఆశ్చర్యపోయాడు, తర్వాత దాని మీదే బోలెడంత రాశాడు. ఆయన అన్నవన్నీ నేను ఒప్పుకోను, చదువు పూర్తిగా మార్కెట్టుకు వదిలేయమంటే ఫీజు కట్టలేని వారాసిగూడ తల్లి ఎక్కడికి పోవాలి? అయినా ఇంటి దగ్గర, ముఖం తెలిసిన కరస్పాండెంటు ఉన్న బడినే తల్లిదండ్రులు నమ్ముతారన్నది మాత్రం మన కళ్ల ముందున్నదే.

అయితే చిన్నది కదా అని గుడ్డిగా మెచ్చుకోకండి. మూడో అంతస్తు నుంచి దిగడానికి ఒక్కటే ఇరుకు మెట్లదారి ఉందా, ఆడపిల్లల టాయిలెట్‌లో నీళ్లు వస్తున్నాయా, పోయినేడు చెప్పిన టీచరు ఈ ఏడూ ఉందా లేక జీతం చాలక వెళ్లిపోయిందా, ఇవి చూడండి. టీచర్లు ఏటా మారుతుంటే ఆ బడి చిన్నదైనా ఒకటే, పెద్దదైనా ఒకటే. ఇక కోడలితో వాదన పెట్టుకోకండి, ఒక రోజు పొద్దున్నే ఆ బస్సు రూటు మొత్తం అబ్బాయిని బండి మీద వెళ్లి రమ్మనండి, చాలు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ పక్కనే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల. ముప్పై మంది కూడా ఉండరు. మా పిల్లలెవరూ అందులో చదవరు. పొద్దున్నే మైకు, సాయంత్రం దాకా గోల. ఇంత విలువైన స్థలాన్ని అలా ఉంచే బదులు కమ్యూనిటీ హాలో, పార్కింగో కడితే అందరికీ ఉపయోగం కదా?
— అసోసియేషన్ సభ్యుడు, బాగ్‌లింగంపల్లి

జవాబు: మైకు గురించి హెచ్‌ఎంని కలిసి మాట్లాడండి, ముప్పై మందికి మైకు అక్కర్లేదు, ఆ మాటలో న్యాయం ఉంది. మిగతాది లేదు.

మీ పిల్లలు అందులో చదవకపోవచ్చు సార్, మీ ఇంట్లో పనిచేసే ఆమె పిల్లలు, మీ వాచ్‌మన్ పిల్లలు ఎక్కడ చదువుతున్నారో ఎప్పుడైనా అడిగారా? ఆ బడి పోతే మీ వాచ్‌మన్ కుటుంబాన్ని ఊరికి పంపేస్తాడు, ఆ తర్వాత తనూ ఉండడు. పల్స్ పోలియో బూత్ పెట్టాలన్నా, ఎన్నికల్లో పోలింగ్ కేంద్రం పెట్టాలన్నా ముందు చూసేది ఆ గదులనే. మీరు క్యూలో నిలబడి ఓటేసింది కూడా ఆ గుమ్మంలోనే అయి ఉంటుంది.

పట్టణ ప్రణాళిక గురించి మాట్లాడేవాళ్లకు క్లారెన్స్ పెర్రీ పేరు తెలుసు. న్యూయార్క్ ప్రాంతం కోసం 1929లో ఆయన ఒక ప్లాన్ ఇచ్చాడు. నగరంలో ఒక పేట అంటే ఎంత ఉండాలన్నది ఆయన ఒక ఎలిమెంటరీ బడిని బట్టి లెక్కగట్టాడు. బడి మధ్యలో, ఇళ్లు దాని చుట్టూ, పెద్ద రోడ్లన్నీ పేట అంచున, పిల్లలెవరూ మెయిన్ రోడ్డు దాటకుండా నడిచి బడికి చేరాలి. హాలు, పార్కు, దుకాణాలు ఎక్కడుండాలన్నది ఆ తర్వాతి మాట. మనం మాత్రం ముందు పార్కింగ్ అడుగుతాం.

పైగా చూడండి, జ్వరమొస్తే పెద్దాసుపత్రి దాకా పోనక్కర్లేకుండా పేదలకు ఇంటి దగ్గరే చిన్న దవాఖానా ఉండాలని మన ప్రభుత్వమే 2018లో బస్తీ దవాఖానాలు మొదలుపెట్టింది, ఎవరూ కాదనలేదు. ‘చిన్నది, రోగులు తక్కువ, గాంధీ ఆసుపత్రిలో కలిపేద్దాం’ అని ఎవరైనా అంటే నవ్వుతాం. రోజూ వెళ్లాల్సిన బడి దగ్గరికి వచ్చేసరికి ఆ వాదనే తెలివిగా కనిపిస్తోంది, ఎందుకో నాకు అర్థం కాదు.

స్థలం వృథా అవుతోందని నిజంగా బాధ ఉంటే సాయంత్రాలు మీ అసోసియేషన్‌లోని రిటైర్డ్ ఉద్యోగులు ఇద్దరు వెళ్లి అక్కడ పిల్లలకు కథల పుస్తకాలు చదివి వినిపించొచ్చు, హెచ్‌ఎం కాదనరు.

ప్రశ్న: నేను ఎస్‌జీటీని, అంటే ప్రైమరీ తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ని. మా బడిలో 46 మంది పిల్లలు, ఐదు తరగతులు, మేమిద్దరం. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు కాపలా మనిషే, పాఠం ఉండదు. మీలాంటివాళ్లు చిన్న బడి గొప్పదని రాస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి వచ్చి చూడండి.
— ఒక టీచరు, యాకుత్‌పురా

జవాబు: మండాల్సిందే. మీ బడిని ఇలా నడిపిస్తున్నందుకు మీ మీద కాదు, ఇది చాలనుకున్నవాళ్ల మీద. 60 మంది దాకా ఇద్దరు టీచర్లు చాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో రాశారు. ఐదు తరగతులకు ఇద్దరు అంటే ఎప్పుడు చూసినా కనీసం మూడు తరగతులు వాటంతట అవే చదువుకోవాలన్నమాట. దానికి తోడు మీకు రికార్డులు, ఆన్‌లైన్ ఎంట్రీలు, ట్రైనింగులు, సర్వేలు. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకి ఎస్‌జీటీలను పంపినప్పుడు రాష్ట్రమంతా ప్రైమరీ బడులు ఒంటిపూటే నడిచిన సంగతి మీకు నేను చెప్పాలా?

కాబట్టి నేను మెచ్చుకునేది చిన్న బడిని, పస్తులు పెట్టిన బడిని కాదు. ఆఫీసుల్లో ఈ రెంటినీ కావాలనే కలిపేస్తారు. ముందు టీచరు పోస్టు నింపరు, దాంతో పిల్లలు తగ్గుతారు, అప్పుడు ‘పిల్లలే లేరు కదా’ అని ఉన్న టీచర్లో ఒకర్ని సర్దుబాటు మీద ఇంకో బడికి పంపుతారు. జాతీయ విద్యా విధానం 2020 ఇచ్చిన లెక్క ప్రకారం 2016–17లో దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ బడులు ఉన్నాయి, వాటిలో 85,743 ప్రాథమిక బడులే. ఆ పత్రమే బడుల్ని కలిపే పని చాలా ఆచితూచి చేయాలనీ, పిల్లలకు బడి అందుబాటులో లేకుండా పోయే పరిస్థితి రాకూడదనీ చెప్పింది. ఇంకో దారి కూడా చూపించింది, స్కూల్ కాంప్లెక్స్. అది కొత్తది కూడా కాదు, దేశంలో చదువు ఎలా ఉండాలో సూచించడానికి వేసిన 1964–66 నాటి కొఠారీ కమిషన్ చెప్పినదే. చుట్టుపక్కల చిన్న బడులన్నీ ఒక హైస్కూలుతో జతపడి ఉంటాయి, ఆటలు నేర్పే పీఈటీ, డ్రాయింగ్ టీచరు, కంప్యూటర్ ల్యాబు, సైన్సు సామాను అన్నీ ఉమ్మడివి. పెద్దవాళ్లు తిరుగుతారు, పిల్లలు ఉన్నచోటే ఉంటారు. వారానికి ఒక రోజు పిల్లల్ని వరసగా నడిపించి హైస్కూలు గ్రౌండుకు తీసుకెళ్లడానికి ఒక టీచరు, ఒక ఆయా చాలు. వారాసిగూడ తల్లి అడిగిన కంప్యూటర్లు, గ్రౌండ్ ఇలా వస్తాయి, రోజూ రోడ్డు దాటకుండా.

న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్ పేదల పేట. అక్కడ 1974లో డెబొరా మైయర్ అనే టీచరు ఒక పెద్ద బడి భవనంలోనే కొంత భాగం తీసుకుని చిన్న ఎలిమెంటరీ బడి మొదలుపెట్టింది, తర్వాత దాన్ని చూసి చాలామంది నేర్చుకున్నారు. మన దగ్గర ఒకే భవనంలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం అని రెండు మూడు బడులు నడవడం మామూలే, దాన్ని మనం ఎప్పుడూ ఇరుకు కిందే లెక్కేస్తాం. నిజమే, ఒకే టాయిలెట్టుకు మూడు బడుల పిల్లలు కొట్టుకుంటే అది ఇరుకే. కానీ ఆ హెచ్‌ఎంలు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుంటే, ఒకరు సెలవు పెట్టిన రోజు ఇంకో బడి నుంచి ఒకరు వచ్చి లెక్కలు చెప్పేలా చూసుకోవచ్చు. ఆర్డరు కోసం ఆగితే ఆగుతూనే ఉంటారు.

తరగతి గదిలో ఏం చేయొచ్చో మీకు నాకంటే ఎక్కువే తెలుసు. 2022లో ప్రైమరీ పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పడానికి సర్కారు తెచ్చిన తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగలిగే స్థాయిని బట్టి చూడమంటున్నారు కదా, 46 మందిలో అది మీకు పెద్ద బడివాళ్ల కంటే సులువు. నాలుగో తరగతి పిల్ల ఒకటో తరగతివాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాలు చదివిస్తే ఇద్దరికీ వస్తుంది, కాకపోతే రోజంతా ఆ పిల్లతోనే చెప్పించకండి, దానికీ దాని పాఠం ఉంది. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 1985 నుంచి 1989 వరకు పెద్ద ప్రయోగం చేశారు, చిన్న తరగతుల్లో 13 నుంచి 17 మందినీ, మామూలు తరగతుల్లో 22 నుంచి 25 మందినీ పెట్టి చూస్తే చిన్న తరగతుల పిల్లలే బాగా నేర్చుకున్నారు, పేద పిల్లలకు మేలు ఇంకా ఎక్కువ. మీ దగ్గర పిల్లల సంఖ్య ఆ లెక్కకు సరిపోతుంది, లేనిది మూడో టీచరు. ఆ ఒక్క పోస్టు కోసం మీ యూనియను గట్టిగా అడగాలి, జీతాలు సవరించే పీఆర్సీ గురించి అడిగినంత గట్టిగా.

రమ్మన్నారు కదా, బడులు తెరిచాక తప్పకుండా వస్తాను. ముందు రోజు చెప్పను.

ప్రశ్న: డీఈడీ టీచర్ ట్రైనింగ్ చేస్తున్నాను. చిన్న బడిలో పోస్టింగ్ వస్తే ఎదుగూబొదుగూ ఉండదని సీనియర్లు భయపెడుతున్నారు. నిజమేనా?
— ఒక విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పని ఎక్కువ ఉంటుంది, అది నిజం. మొదటి ఏడాదే హెచ్‌ఎం బాధ్యతలు నెత్తిన పడొచ్చు, గ్యాసు సిలిండరు దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ మీరే చూసుకోవాలి. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ చెప్పాల్సి వస్తుంది, ఒక పిల్ల అక్షరాలు దిద్దిన రోజు నుంచి ఐదో తరగతి టీసీ రాసే దాకా మీ కళ్ల ముందే పెరుగుతుంది. పెద్ద బడిలో ఏళ్ల తరబడి మూడో తరగతి ఈవీఎస్ మాత్రమే చెప్పినవాళ్లు నాకు తెలుసు. ఆప్షన్ పెట్టుకునే ముందు ఆ బడిలో రెండో టీచరు ఉన్నారా, డిప్యుటేషన్ మీద వెళ్లిపోయారా అని మాత్రం ఫోన్ చేసి కనుక్కోండి.